పాత కొలత

"నువ్వు రావక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పాలమ్మా! నేనొక్కణ్ణే వెళ్ళి నాన్న అస్థులు కలిపేసి మర్నాటికల్లా వచ్చేస్తాను!"

కొడుకు అరిచిన అరుపుకి వంటింట్లో కోడలి చేతిలోని గిన్నె జారి ఖంగుమంది. తండ్రి పోయి నెల తిరగలేదు. అస్థుల కుండ పెరటి గోడ గూట్లో గుడ్డ కట్టుకుని కూర్చుని ఉంది. ఇంట్లో అప్పుడే తల్లికీ కొడుక్కీ తగువు! అదీ ఎవరితో? నలభై రెండేళ్ళ కాపురంలో ఎవరికీ ఎదురు చెప్పి ఎరగని మనిషితో. ఆమె కుట్టుమిషను ముందు స్టూలు మీద కూర్చుని, కుట్టడానికేమీ లేకపోయినా చక్రం మీద చెయ్యి వేసి నిమురుతోంది. మొగుడు పోయిన దుఃఖంలో ఉన్న ఆడదాని మొహం కాదది. ఏదో తేల్చుకోవడానికి సిద్ధపడ్డ మొహం.

"దగ్గర్లో ఉన్న నదిలో కలిపేద్దామన్నావు, ఒద్దన్నాను. సంగమానికే తీసుకెళ్ళాలన్నాను, సరేనన్నావు. మరి నన్నెందుకు ఒద్దంటావురా?"

"అంత దూరం ప్రయాణం... నీ మోకాళ్ళు..."

"మోకాళ్ళు నావి. నొప్పి నాకు. నీకేం?" ఆమె చక్రం మీంచి చెయ్యి తీసేసింది. "పదకొండేళ్ళయిందిరా! నా పిచికని ఆ నీళ్ళలో కలిపి వచ్చామని నువ్వూ మీ నాన్నా గుండు గీయించుకుని గుమ్మంలో నిలబడి పదకొండేళ్ళయింది! ఆ చోటు నేను చూడలేదు. ఆ నీళ్ళు ఒక్కసారి నెత్తిన జల్లుకోలేదు. తండ్రీ కూతుళ్ళు బతికుండగా ఎలాగూ మొహాలు చూసుకోలేదు... పోయాకైనా ఒక్కచోట ఉండనీ. అది నా కళ్ళతో నేను చూడాలి!"

కొడుకు గోడవైపు చూశాడు, గడియారంవైపు చూశాడు, చివరికి పెళ్ళాంవైపు చూశాడు. ఆ పిల్ల కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "తీసుకెళ్ళండి పాపం, అత్తయ్య ఇంతవరకూ మిమ్మల్ని ఏం అడిగారని?" అంది. అసలు సంగతి తెలిసుంటే ఆ మాట అనేది కాదేమో! ఆ ఇంట్లో ఆడవాళ్ళకి అసలు సంగతులు తెలియనివ్వకపోవడం ఆనవాయితీ.

అసలు ఆ ఇంటి సంగతి చెప్పాలంటే ఆ ఇంటాయన గురించి చెప్పాలి. రిజిస్ట్రేషను ఆఫీసు ఎదురుగా రేకుల పందిరి కింద బల్ల వేసుకుని దస్తావేజులు రాసేవాడు. ఊళ్ళో అందరూ 'రాతాయన' అనేవారు. ముత్యాలు పేర్చినట్టుండే దస్తూరీ. కొట్టివేత లేకుండా పదేసి పేజీలు రాయగలడు. ఆయనకొక పిచ్చి ఉండేది. నోటితో ఎన్ని అబద్ధాలైనా ఆడతాడు... ఇంటికి వచ్చినవాడితో లేడని తనే చెప్పగల ఘటికుడు! కానీ కాగితం మీద మాత్రం అబద్ధం రాయడు. ఎవరైనా కొలతలు ఒక గజం అటూ ఇటూ రాయమంటే కలం మూసి జేబులో పెట్టేసుకునేవాడు. "రాసింది నిలబడుతుందోయ్! నోటిమాట గాలికి పోతుంది," అనేవాడు గర్వంగా. ఊరంతా ఆయన్ని నిజాయితీపరుడంది. ఇంట్లో గాలికి పోయిన మాటల లెక్క ఎవరడుగుతారు!

ఆమె ఇంట్లో జాకెట్లు కుట్టేది. ఆమె చేతి జాకెట్టు తొడుక్కున్నవాళ్ళు ఇంకొకరి చేతిది తొడుక్కోరని పేరు. చెయ్యి పైకెత్తినా జాకెట్టు పైకి లేవకుండా చంక కింద నాలుగు మూలల చిన్న ముక్క వేసి కుట్టేది. అది మామూలే, కానీ ఏ రంగు జాకెట్టుకైనా ఆ ముక్క ఎర్రగుడ్డతోనే! "ఇదేం చోద్యమమ్మా!" అని అందరూ నవ్వేవాళ్ళు. "నా సంతకం," అని తనూ నవ్వేది. ఆ విద్య ఆమె నేర్పింది ఒక్క కూతురికే. మిషను పక్కన చేరి పొద్దస్తమానం కిచకిచలాడుతూ ఉండే ఆ పిల్లని పిచిక అనేది. ఇద్దరూ కుట్టుకుంటూ కబుర్లు చెప్పుకునేవారు. "రెండు నదులు కలిసే చోట నీళ్ళు రెండు రంగుల్లో ఉంటాయటే! ఒక్కసారి చూడాలి," అనేది తల్లి. "నేను తీసుకెళ్తాగా!" అనేది కూతురు. రాతాయన వింటూ, "చూద్దాంలే," అనేవాడు. ఆ 'చూద్దాం' ఇరవై ఏళ్ళు నడిచింది.

ఆ పిచిక ఒకనాడు ఎగిరిపోయింది. మోటార్లు వైండింగ్ చేసే అతన్ని చేసుకుంటానంది. మనవాళ్ళు కాదన్నాడు తండ్రి. వారం రోజులు ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. ఎనిమిదో రోజున పిల్ల లేదు. మరో నెలకి తండ్రీ కొడుకులు హడావిడిగా ఎక్కడికో వెళ్ళి, మూడో రోజున గుండ్లతో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. బస్సు నదిలో పడిందనీ, మనిషి చూసే స్థితిలో లేదనీ, అక్కడే దహనం చేసి సంగమంలో కలిపి వచ్చామనీ చెప్పారు. ఆమె గుమ్మంలోనే కూలిపోయింది. తెలివి వచ్చాక ఏడ్చింది, కంటికీ మింటికీ ఏకధారగా ఏడ్చింది... కానీ ఒక్క ప్రశ్న అడగలేదు! ఏ బస్సు? ఎవరు కబురు చెప్పారు? ఆ పిల్ల చేసుకున్నవాడేమయ్యాడు? ఏమీ అడగలేదు. అడగడం అలవాటు లేని నోరు, కడుపు తరుక్కుపోతున్నా తెరుచుకోలేదు.

* * *

చిన్న ఊరు. రైలు దిగి ఆటో ఎక్కితే పది నిమిషాల్లో నది. యాత్రికులు పెద్దగా లేని రోజులు కావడంతో వీధులు బోసిగా ఉన్నాయి. సత్రంలో గది తీసుకుని, తల్లికి టీ తెప్పించి ఇచ్చి, కొడుకు ఆదరాబాదరాగా చొక్కా మార్చుకున్నాడు.

"నువ్వు పడుకోమ్మా. నేను పంతులుగారిని మాట్లాడి వస్తాను. వచ్చి నిన్ను తీసుకెళ్తాను."

"ఇద్దరం వెళ్దాంలేరా."

"చెప్పిన మాట వినవేం!" అంటూనే గడప దాటేశాడు. కుండ కూడా పట్టుకెళ్ళలేదు. పంతుల్ని మాట్లాడటానికి అంత కంగారెందుకో ఆమెకి అర్థం కాలేదు. కాసేపు మంచం మీద కూర్చుంది. కిటికీలోంచి నీళ్ళ చప్పుడు వస్తోంది. తన కూతురు కలిసిన నీళ్ళు నాలుగు అడుగుల్లో ఉండగా ఏ తల్లి పడుకుంటుంది! తలుపు దగ్గరగా వేసి, గోడ పట్టుకుని వీధిలోకి నడిచింది.

నల్లరాతి మెట్లు. కింద నిజంగానే రెండు నీళ్ళు! అటునుంచి వచ్చేది మట్టిరంగు, ఇటునుంచి వచ్చేది ఆకుపచ్చ. కలిసిన చోట కూడా వెంటనే కలవకుండా కొంతదూరం పక్కపక్కనే నడుస్తున్నాయి. ఆమె చివరి మెట్టు మీద కూర్చుని దోసిట్లో నీళ్ళు తీసుకుంది. "వచ్చానే పిచికా... ఆలస్యమైంది... తీసుకొస్తానన్నదానివి నువ్వు ముందొచ్చి కూర్చున్నావా తల్లీ..." అని ఆ నీళ్ళని మొహానికి అద్దుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఊరుకో తల్లీ, ఊరుకో. ఈ మెట్ల మీద ఏడవనివాళ్ళెవరు!" అంది ఎవరో.

మెట్లు ఊడ్చే అవ్వ. డెబ్భై ఏళ్ళుంటాయి. ఓదార్పు మాట అనేసి, మళ్ళీ పని చూసుకుంటూ పొడుగు చీపురు పైకెత్తి గోడ మీద నాచు గీకింది. ఎత్తిన చెయ్యి చూసి ఆమె ఏడుపు చటుక్కున ఆగిపోయింది.

వెలిసిన నీలంరంగు జాకెట్టు. చంక కింద నాలుగు మూలల ముక్క. ఎర్రది!

"అవ్వా!" లేచి రెండు మెట్లు ఎక్కి అవ్వ చెయ్యి పట్టేసుకుంది. "ఈ జాకెట్టు... ఈ జాకెట్టు నీకెక్కడిది?"

"నేనేం దొంగిలించలేదమ్మా!" అవ్వ బెదిరిపోయింది. "ఒక అమ్మాయి ఇచ్చింది. ఏటా వస్తుంది. వాళ్ళమ్మ పోయిన రోజుకి ఇక్కడ కర్మ చేయించి, మెట్ల మీద కూర్చున్న ముసలోళ్ళలో ఒకరికి చీరా జాకెట్టూ ఇచ్చిపోతుంది. పోయినేడు నా వంతు. తనే కుడుతుందట, వాళ్ళమ్మ కొలతకి. నాకు వదులైతే పక్కలు మడిచి కుట్టుకున్నా."

ఆమె వేళ్ళు అవ్వ చంక కింద కుట్టుని తడుముతున్నాయి. దారం మొదట్లో రెండు ముళ్ళు, చివర మూడు. ఆ పిచ్చి అలవాటు ఈ లోకంలో ఒక్కదానికే ఉంది! ఎన్ని మొట్టికాయలు తిన్నా మానలేదు అది.

"ఏ... ఏటా వస్తుందా? పోయినేడు కూడా వచ్చిందా? బతికే... ఎలా ఉంటుంది అవ్వా? గడగడా మాట్లాడుతుందా?"

"మాటలా? వచ్చిన పని చూసుకుని తలొంచుకుని పోతుంది. నోట్లో నాలుకే లేదు ఆ పిల్లకి. పంతులుగారి పుస్తకంలో ఏదో రాస్తుంది కూడా. ఆయన్నడుగు, అదిగో, ఆ పచ్చ తలుపు."

* * *

పచ్చ తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల కొడుకు గొంతు.

"...మా అమ్మ ఒకవేళ అడిగితే పుస్తకం బైట ఊళ్ళో ఉందని చెప్పండి పంతులుగారూ. ఒక్క పూట! మీకు పుణ్యముంటుంది..."

"నా వృత్తే పుస్తకం చూపించడం బాబూ. మా తాతల నాటి నుంచీ వచ్చినవాళ్ళు తమలో పోయినవాళ్ళ వివరాలు వాళ్ళ చేత్తో వాళ్ళే రాసి పెట్టారు. దాచమంటే ఎలా?"

తలుపు కిర్రుమంది. గుమ్మంలో తల్లిని చూసి కొడుకు మొహం సున్నం కొట్టినట్టయిపోయింది. ఆమె వాడివైపు చూడనైనా చూడలేదు. తిన్నగా వెళ్ళి పంతులుగారి ముందు చాప మీద కూర్చుంది.

"మా ఇంటివాళ్ళ పుట తీయండి పంతులుగారూ. నాకు చదవడం వచ్చు."

జీవితంలో మొదటిసారి ఆమె చూపించమని అడిగింది. అడిగితే తలుపులు ఇంత తేలిగ్గా తెరుచుకుంటాయని ఎవరైనా ఆమెకి ముందే చెప్పి ఉంటే!

పంతులుగారు ఒకసారి కొడుకువైపు, ఒకసారి ఆమెవైపు చూశారు. పొడుగాటి పాత పుస్తకం ఎర్రగుడ్డలోంచి తీసి, పుటలు తిప్పి ఆమె ముందుకు జరిపారు. కళ్ళద్దాలు అక్కర్లేదు ఆ దస్తూరీకి. ముత్యాలు పేర్చినట్టుంది! కొట్టివేత లేదు.

'నా కుమార్తె. వయస్సు ఇరవై రెండు. సజీవముగా ఉన్నది. నా మాట కాదని పోయినందున నాకు లేదని భావించి, అస్థులు లేనందున దర్భబొమ్మతో కర్మ చేయించితిని. ఇది నా పూర్తి సమ్మతితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాసినది.'

కింద సంతకం. ఆ కింద సాక్షి సంతకం... కొడుకుది.

'సజీవముగా ఉన్నది'! ఇంట్లో గుమ్మం ముందు నిలబడి చచ్చిపోయిందని నోరారా చెప్పిన మనిషి, ఇక్కడ చాప మీద కూర్చుని కలం పట్టుకునేసరికి అబద్ధం రాయలేకపోయాడు! పెళ్ళాం గుండె పగిలినా ఫరవాలేదు కానీ దస్తావేజులో తప్పు దొర్లకూడదు కదా ఆ మహానుభావుడికి! ఆమె ఎప్పటికీ ఇక్కడికి రాదనీ, వచ్చినా అడగదనీ ఆయనకి అంత ధీమా. ఆ ధీమా ఇచ్చింది కూడా ఆమే. ఆమెకి ఏడుపు రాలేదు.

వేలు కిందికి జరిగింది. అక్కడ ఇంకో దస్తూరీ. గుండ్రంగా, కొంచెం ఎడమవైపుకి ఒరిగి... పలక మీద తను చెయ్యి పట్టుకుని దిద్దించిన అక్షరాలు!

'మా అమ్మ.' పక్కనే పేరు. తన పేరు! 'కుట్టుపని చేసేది. రెండు రంగుల నీళ్ళు చూడాలని ఎప్పుడూ అనేది. తీసుకొస్తానని తీసుకురాలేకపోయాను. క్షమించమ్మా.'

దాని కింద ఏడాదికో వరస. పదేళ్ళు, పది వరసలు. 'వచ్చాను అమ్మా.' 'వచ్చాను అమ్మా.' 'ఈ ఏడు జ్వరంగా ఉంది, అయినా వచ్చాను అమ్మా.'

"చచ్చిపోయినదాన్ని నేనా?" అంది ఆమె. "నా కూతురు నాకు పదేళ్ళుగా నీళ్ళు వదులుతోందా? ఎవర్రా... ఎవర్రా దానికి నేను పోయానని చెప్పింది?"

కొడుకు గోడకి జారగిలబడి కూలబడ్డాడు. నలభై ఏళ్ళ మగాడు చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.

"నాన్నే చెప్పమన్నాడమ్మా! అది వెళ్ళిపోయిన అయిదో నెలలో ఫోను చేసింది. అమ్మని పిలవరా అన్నయ్యా, ఒక్క మాట మాట్లాడతాను అని ఏడ్చింది. నాన్న ఎదురుగా నిలబడి ఉన్నాడు. అప్పుడే నా పెళ్ళి సంబంధం మాటల్లో ఉంది. అది వస్తూ పోతూ ఉంటే ఆ సంబంధం తప్పిపోతుందని... అమ్మ నీ బెంగతోనే పోయింది, ఇక ఈ గడప తొక్కకు అని చెప్పేశాను..."

"అప్పుడు నేనెక్కడున్నాను?"

"పక్క గదిలో... మిషను కుడుతున్నావు. చప్పుడు వినిపిస్తుందని నాన్న మధ్య తలుపు వేసేశాడు."

అయ్యో! ఒక్క తలుపు! కూతురు 'అమ్మా' అని ఏడుస్తుంటే, అవతల తల్లి ఎవరి పెళ్ళి జాకెట్టుకో చేతులు కుడుతూ కూర్చుంది! ఒకే అబద్ధాన్ని ముందు తల్లికి తొడిగి, తర్వాత తిరగేసి కూతురికి తొడిగారు తండ్రీ కొడుకులు. ఇద్దరికీ సరిపోయింది. ఎందుకంటే ఇద్దరూ ఇచ్చినదేదో తొడుక్కోవడమే తప్ప ఇదేమిటని అడగని ఇంట్లో పెరిగినవాళ్ళు.

"నన్ను కొట్టమ్మా! చంపెయ్యమ్మా! అంతేగానీ అలా చూడకమ్మా..." కొడుకు ఆమె కాళ్ళ మీద పడ్డాడు. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది. కోపంతో కాదు. ఆ చేతులు తగులుతుంటే ఏమీ అనిపించక భయమేసింది ఆమెకి.

"ఈ అమ్మాయి ఎక్కడుంటుంది పంతులుగారూ?"

"ఊరి పేరు రాయించమ్మా అని అడిగితే, నాకు ఊరు లేదండీ అంటుంది. పై వరసలో తన కర్మ సంగతీ చూసుకుంది, మొదటిసారి వచ్చినప్పుడు. 'నాన్న పని తొందరగానే కానిచ్చారే' అని నవ్వింది. నవ్వి... చాలాసేపు లేవలేదు. భర్త మంచివాడు, అతనే కూర్చుని కర్మ చేస్తాడు." పంతులుగారు వేళ్ళ మీద లెక్క చూశారు. "బహుళ పంచమికి వస్తుందమ్మా. ఇంకా తొమ్మిది రోజులు."

"ఈ వరసలు కొట్టెయ్యొచ్చా?"

"కొట్టివేతలుండవమ్మా ఇందులో. కింద ఇంకోటి రాయొచ్చు."

ఆమె పుస్తకాన్ని కొడుకు ముందుకు నెట్టింది. కలం తీసి వాడి చేతిలో పెట్టింది.

"మీ నాన్న కాగితం మీద అబద్ధం రాయలేదు. నువ్వూ ఇప్పుడు ఆయన దస్తావేజుల బల్ల దగ్గరే కూర్చుంటున్నావుగా. రాయి. నీ చేత్తోనే రాయి. మా అమ్మ సజీవముగా ఉన్నది, నేనే చంపాను అని రాయి!"

వాడు పుస్తకం మీదికి వంగాడు. కన్నీటి బొట్టు పడి ఒక అక్షరం అలుక్కుపోయింది. అయినా రాశాడు. సంతకం పెట్టాడు. ఆ వంశంలో అంత వంకర దస్తూరీతో రాసిన వాక్యం ఆ పుస్తకంలో ఇంకోటి లేదు.

మర్నాడు ఉదయం రాతాయన అస్థులు నీళ్ళలో కలిశాయి. ఆమె ఒడ్డున నిలబడి చూసింది, ఏడవలేదు. కొడుకు తడిబట్టలతో వచ్చి, "బండికి టైమవుతోందమ్మా," అన్నాడు.

"నువ్వెళ్ళు. పంచమికి నా తద్దినం ఉంది. నేను లేకపోతే ఎలా?"

ఆమె మెట్లెక్కి సత్రంవైపు నడిచింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

* * *

తొమ్మిది రోజులు! తొమ్మిది రోజులూ ఆమెకి రానున్న సంతోషం కన్నా రానున్న భయమే ఎక్కువ. అది ఏమంటుంది? ఎలా చూస్తుంది? అవ్వతో పాటు మెట్లు ఊడ్చింది. సత్రంలో దుప్పట్ల చిరుగులు కుట్టిపెట్టింది. తిండి సహించలేదు. "నువ్వు దాన్ని చూసేలోపు నిజంగానే పోయేలా ఉన్నావే!" అని అవ్వ మందలించి రెండు ముద్దలు తినిపించేది.

పంచమి నాడు పొద్దున్నే మెట్ల మీద ముసలివాళ్ళ వరసలో ఆమె కూడా కూర్చుంది, కొంగు మొహం మీదికి లాక్కుని. ఎదురెళ్ళి పట్టుకుంటే పిల్ల ఝడుసుకుంటుందని అవ్వ చెప్పింది.

వచ్చింది! ముదురాకు రంగు చీర, చేతిలో గుడ్డసంచీ. ముప్ఫయ్యి మూడేళ్ళకే చెంపల దగ్గర తెలుపు. నడకలో గెంతు లేదు, పెదాల మీద కిచకిచ లేదు. భర్త ముందే నీళ్ళలోకి దిగి మునిగి లేచాడు. పంతులుగారు కింద దర్భలు సర్దుతూ పదేపదే పైకి చూస్తున్నారు. ముందు దానం, తర్వాత కర్మ. ఆ అమ్మాయి వరస వెంబడి నడిచింది. అవ్వ ఆమెని మోచేత్తో పొడిచి, "ఈవిడకియ్యి తల్లీ, ఈవిడకి ఎవరూ లేరు," అంది.

తలొంచుకునే ఉంది పిల్ల. చీరా, దాని మీద మడత పెట్టిన జాకెట్టూ ఆమె చేతుల్లో పెట్టి, "మా అమ్మ పేరు మీదండీ... తీసుకోండి," అని పక్కకి తిరగబోయింది.

ఆమె జాకెట్టు తీసి, అలవాటుగా తిరగేసింది. చంక కింద ఎర్రముక్క. మొదట్లో రెండు ముళ్ళు, చివర మూడు. భుజాల దగ్గర రెండు చేతులతో పట్టి తన గుండెకి ఆనించి చూసుకుంది.

"పాత కొలతే వేశావే పిచికా... నేను చిక్కిపోయాను."

తిరిగిన మనిషి తిరిగినట్టే ఆగిపోయింది. గుడ్డసంచీ చేతిలోంచి జారి మెట్టు మీద పడింది. నెమ్మదిగా వంగి ఆ కొంగు పక్కకి తీసింది. చూసింది. ఇంకా చూసింది. వాటేసుకోలేదు, అరవలేదు. రెండు మెట్ల కింద చతికిలబడిపోయింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అంది.

"తొమ్మిది రోజులైందే... నువ్వు పోయావనే చెప్పారు నాకు... మీ నాన్న పోయాక ఇక్కడికొస్తే..."

"పదకొండేళ్ళు!" అంది పిల్ల. "పదకొండేళ్ళు నేను పోయానంటే నమ్మేశావా అమ్మా? చూపించమని అడగలేదా? ఒక్కసారైనా వెతకలేదా?"

దానికేం చెబుతుంది! మొగుడి మీదికి నెట్టొచ్చు, కొడుకు మీదికి నెట్టొచ్చు. వాళ్ళ తప్పు వాళ్ళది, పుస్తకంలో రాసే ఉంది. కానీ ఇది తనది.

"లేదమ్మా," అంది. "అడగలేదు. ఏడ్చాను, అంతే. ఏడిస్తే సరిపోతుందనుకున్నాను."

కూతురు మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. వీపు ఎగిరెగిరి పడుతోంది. తల్లి చెయ్యి ముందుకి వచ్చి, ముట్టుకోవచ్చో లేదో తెలియక గాల్లోనే ఆగిపోయింది.

"నేనూ అడగలేదు," అంది పిల్ల తలెత్తకుండా. "ఆ రోజు అన్నయ్య నువ్వు పోయావని చెబుతుంటే ఫోన్లో వెనకాల మిషను చప్పుడు వినబడిందమ్మా! మన ఇంట్లో మిషను కుట్టేది ఇంకెవరు? ఒక్క క్షణం అనిపించింది... ఎవరు కుడుతున్నారు అన్నయ్యా అని అడగబోయాను. తలుపు వేసేశారు. చప్పుడు ఆగిపోయింది. ఫోను పెట్టేశాను. పదకొండేళ్ళుగా ఆ చప్పుడు నా చెవుల్లోనే ఉంది. అయినా అడగలేదు..."

తల్లి ఇంక ఆగలేకపోయింది. మోకాళ్ళు మరిచి, మెట్లు దిగి పిల్ల పక్కన కూలబడింది. పోయిన ఏళ్ళు ఎవరూ తెచ్చి ఇవ్వలేరు. కాన్పు కష్టం ఒంటరిగా పడిందో ఏమో, జ్వరంలో ఎవరు గంజి కాచి ఇచ్చారో, ఆ తెల్లవెంట్రుకలు ఏ ఏడు మొదలయ్యాయో... ఇప్పుడు అడిగినా అవి వినడానికే తప్ప చెయ్యడానికేమీ మిగల్లేదు.

కింద నీళ్ళలో భర్త ఏమీ అర్థం కాక తడిబట్టలతో నిలబడి ఉన్నాడు. పంతులుగారు నువ్వుల పొట్లం మెల్లగా మడిచి సంచీలో పెట్టేసుకున్నారు.

పిల్ల మొహం తుడుచుకుంది. తల్లి ఒళ్ళో ఉన్న జాకెట్టు తీసుకుని మడత విప్పింది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చెయ్యి జాన చేసి తల్లి వీపు మీద ఈ భుజం నుంచి ఆ భుజం దాకా కొలిచింది. వేళ్ళకి ఎముకలు తగిలాయి. జాన అక్కడే ఆగిపోయింది.

"ఇంత చిక్కిపోయావేంటమ్మా..." అంది. అంతవరకూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది దానికి. ఏడుస్తూనే జాకెట్టు సంచీలో పెట్టేసుకుంది.

"టేపు తేలేదు. ఇంటికొస్తే కొలత తీసుకుంటాను. వస్తావా?"

"మీ ఇల్లు ఎక్కడే?" అని అడిగింది తల్లి.